బడిలో బట్టలు తడుపుకొన్న బిడ్డ

జూన్ నెలలో బడులు తెరిచిన తరువాత మొదటి రెండు మూడు వారాలలో ప్రతి ఊరిలోను జరిగే సంగతి ఒకటి ఉన్నది. దానిని గూర్చి తల్లులు బోరింగు దగ్గర గుసగుసగా మాట్లాడుకొంటారు, టీచర్లు విసుగ్గా మాట్లాడుకొంటారు, తండ్రులైతే అసలు మాట్లాడరు. ఒకటో తరగతి బిడ్డ లాగు తడుపుకొని ఇంటికి వస్తుంది. లేదా తడిసిన లాగుతోనే సాయంకాలం వరకు కదలకుండా ఒకే చోట కూర్చుంటుంది. లేదా మరునాడు కడుపు నొప్పి అని చెప్పి బడికి పోనంటుంది. మేము చూచినంతలో ఈ మూడవదే ఎక్కువ నష్టం చేస్తుంది.

కుటుంబ పత్రికలో ఇటువంటి విషయము ఎందుకని కొందరు చదువరులు ముఖం చిట్లించవచ్చును. కాని మేము ఇండ్లను దర్శించినప్పుడు, ప్రార్థన ముగిసి చెప్పులు తొడుగుకొనే వేళ, తల్లులు గుమ్మం దగ్గర ఆపి మెల్లగా అడిగే ప్రశ్నలలో ఇది ఒకటి. అడిగేవారికి జవాబు చెప్పాలి గదా.

మొదట తెలిసికొనవలసినది, ఇది అరుదైన సంగతి కాదు. చాలామంది పిల్లలు మూడు నాలుగేండ్లకు పగటిపూట అదుపు నేర్చుకొంటారు. నేర్చుకొన్న తరువాత కూడా అయిదారేండ్ల ప్రాయంలో ఆటలో మునిగిపోయో, భయపడియో, పగలబడి నవ్వియో ఎప్పుడైనా ఒకసారి తడుపుకొంటారు. రాత్రి సంగతి వేరు. అయిదేండ్ల పిల్లలలో నూటికి 15 మంది వరకు ఇంకా పక్క తడుపుతారని వైద్యులు చెబుతారు. ఆరేండ్ల బిడ్డ మూత్రాశయం పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే. మన హోటళ్లలో ఇచ్చే చిన్న టీ గ్లాసులతో కొలిస్తే రెండు గ్లాసులు. ఉదయం తొమ్మిది గంటలకు బడికి పోయిన బిడ్డను మధ్యాహ్న భోజనం వరకు ఆపుకోమని చెప్పేవారు ఈ లెక్క గుర్తుంచుకొంటే మంచిది.

నర్సమ్మ చేసే పని

పాఠశాలలో నర్సు ఉండడం మన పల్లెలకు కొత్తగా తోస్తుంది గాని అమెరికాలో అది నూరేండ్లు దాటిన పద్ధతి. 1902 అక్టోబరులో న్యూయార్కు నగరంలో లీనా రోజర్స్ అనే నర్సును ఒక నెల ప్రయోగంగా నాలుగు పాఠశాలలకు పంపించారు. బీదల పేటలలో సేవ చేస్తుండిన లిలియన్ వాల్డ్ అనే నర్సు ఈ ఏర్పాటు వెనుక ఉన్నది. అంతకు ముందు డాక్టర్లు వచ్చి గజ్జి, పేలు, కండ్ల జబ్బులు ఉన్న పిల్లలను ఇంటికి పంపివేసేవారు. పోయిన పిల్లలకు వైద్యం లేదు, చదువు లేదు. ఈ నర్సు ఆ పిల్లల ఇండ్లకు పోయి, ఏమి చేయాలో తల్లికి చేసి చూపించి, పిల్లలను తిరిగి తరగతిలో కూర్చోబెట్టింది. ప్రయోగం ఫలించింది, నగరం ఇంకా నర్సులను నియమించింది. బట్టలు తడుపుకొన్న బిడ్డ విషయంలో కూడా నేటి నర్సులు చేసేది ఇదే. ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా బిడ్డను తిరిగి తరగతికి చేర్చడం.

వారు దానిని ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెబుతాము. బిడ్డ తలుపు దగ్గరకు రాగానే పదిమంది ఎదుట ఏమయింది అని అడగరు. లోపలికి తీసుకొని తెర వేస్తారు. నర్సు చేతికి తొడుగులు వేసికొంటుంది. బిడ్డ తన బట్టలు తానే విప్పుకోగలిగితే తననే విప్పుకోనిస్తారు, తనను తానే శుభ్రం చేసుకోనిస్తారు, తోచక నిలబడితేనే సాయం చేస్తారు. దీనిలో బద్ధకం ఏమీ లేదు. తన శరీరం తన చేతిలోనే ఉన్నదన్న ధైర్యం బిడ్డకు అప్పుడే తిరిగి వస్తుంది. అలమారలో రకరకాల సైజుల లాగులు, చెడ్డీలు, మేజోళ్లు సిద్ధంగా ఉంటాయి. తడిసినవాటిని ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి, ఆ సంచి బయటికి కనపడకుండా బిడ్డ పుస్తకాల సంచిలో పెడతారు. చేతులు సబ్బుతో కడిగిస్తారు. ఇదంతా పది నిమిషాలలో అయిపోవాలి. తరువాత తల్లికి కబురు చేసి, పుస్తకంలో తేదీ, వేళ రాసికొంటారు.

ఆ రాసికొనడంలోనే నర్సు పని సగం ఉన్నది. ఒకసారి జరిగితే అది ఒక పొరపాటు. నెలలో ఆరుసార్లు జరిగితే తేదీలు మాట్లాడడం మొదలుపెడతాయి. ఎప్పుడూ భోజనం తరువాతనేనా? ఎప్పుడూ ఒకే టీచరు పిరియడులోనా? సోమవారాలలోనా? నర్సు ఆ కాగితంతో తల్లిని, టీచరును కూర్చోబెట్టి ఏర్పాటు చేస్తుంది. రెండు గంటలకు ఒకసారి బిడ్డ అడగకుండానే పంపడం, చేయి ఎత్తే పని లేకుండా బల్ల మీద ఒక చీటీ పెట్టి లేచి వెళ్లే అనుమతి, పెద్ద పిల్లలు వాడే దొడ్డికి బదులు నర్సు గదిలోని దొడ్డి వాడుకోనివ్వడం. అవసరమైతే డాక్టరు చీటీ తెప్పిస్తుంది. అక్కడ కూడా అన్ని బడులకు నర్సు లేదు. ఒకే నర్సు రెండు మూడు బడులు చూచుకొనే చోట ఆఫీసు గుమాస్తాయే ఈ పని చేస్తుంది. కనుక పద్ధతి తెలిస్తే ఎవరైనా చేయవచ్చుననే మాట వారి దగ్గరే రుజువయింది.

అక్కడ మన బిడ్డలు కూడా ఉన్నారు. పిల్లలను చూచుకోవడానికి అమెరికా వెళ్లి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఇప్పుడు పల్లె సంఘాలలో కూడా కొందరు కనబడుతున్నారు. ఇంటిలో "ఒంటికి వస్తుంది, రెంటికి వస్తుంది" అని నేర్చిన మనుమరాలు అక్కడి టీచరుతో ఆ మాటే చెబితే టీచరుకు ఏమి తెలుస్తుంది? బిడ్డ రెండుసార్లు అడిగి, మూడవసారి నిలబడిన చోటనే తడుపుకొంటుంది. బడిలో చేర్చేముందు ఆ దేశపు మాట ఒక్కటి నేర్పితే ఆ కష్టం తీరుతుంది.

అంత దూరం పోనక్కరలేదు. మన మండల కేంద్రాలలోని ఇంగ్లీషు మీడియం బడులలో నాలుగేండ్ల బిడ్డ "మే ఐ గో టు టాయిలెట్ మేడమ్" అని పూర్తిగా చెబితే గాని పంపని టీచర్లు ఉన్నారు. వాక్యం వచ్చేలోపల మూత్రం వస్తుంది. కోయ, లంబాడీ ఇండ్ల నుండి వచ్చిన పిల్లలకైతే తెలుగు బడి కూడా పరాయి భాషే. చిటికెన వేలు చూపిస్తే చాలు, పంపించండి. మన పెద్దలు వేలు చూపించే చదువుకొన్నారు.

నర్సు లేని బడిలో

మన ప్రాథమిక పాఠశాలలలో నర్సు లేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద డాక్టర్లతో, ఏ.ఎన్.ఎం.తో ఒక బృందం వాహనంలో వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది గాని ఆ బృందం ఏడాదికి ఒకసారి వచ్చేది. లాగు తడిసిన మంగళవారం నాడు వారు ఉండరు. ఆనాడు ఉండేది టీచరమ్మ, వంట చేసే అమ్మ, ఉన్నచోట ఆయమ్మ. నర్సు పని వీరిదే.

దానికి పెద్ద ఖర్చు లేదు. మూత ఉన్న ఒక పెట్టె, అందులో నాలుగైదు సైజుల లాగులు, గౌనులు, లోపలి బట్టలు, రెండు పాత తువ్వాళ్లు, ఒక సబ్బు, కొన్ని ప్లాస్టిక్ సంచులు, రెండు మూడు జతల చేతి తొడుగులు. ఒక బకెట్టు, మగ్గు. నేల కడగడానికి ఫినాయిలు. మన స్త్రీల సమాజాలలో కుట్టుమిషను ఉన్న అక్కలు చాలామంది ఉన్నారు. మిగిలిన గుడ్డతో డజను లాగులు కుట్టి ఊరి బడికి ఇవ్వడం ఒక్క మధ్యాహ్నం పని. ఆ లాగులు ఏ బిడ్డ తొడిగినా మన బిడ్డే గనుక బడి ఎవరిదని చూడనక్కరలేదు. లాగు రంగు మాత్రం యూనిఫారం రంగే కావాలి. వేరే రంగు వేసి పంపితే బడి అంతటికి చాటించినట్లే.

రెండు సంగతులలో జాగ్రత్త కావాలి. ఆడబిడ్డకు స్త్రీలే సాయపడాలి. ఎవరు సాయపడినా గడియ వేసికొని ఒంటరిగా ఉండక, ఇంకొక పెద్ద మనిషి వినికిడి దూరంలో ఉండాలి. 2012లో పిల్లల రక్షణకై వచ్చిన పోక్సో చట్టం తరువాత ఈ జాగ్రత్త బిడ్డకూ మంచిది, టీచరుకూ మంచిది. ఇక రెండవది, తడిసిన నేలను ఇంకొక బిడ్డ చేత తుడిపించరాదు. కొన్ని బడులలో ఆ పని ఏ పేట పిల్లల మీద పడుతుందో మన చదువరులకు మేము చెప్పనక్కరలేదు. అటువంటిది జరిగిందని బిడ్డ వచ్చి చెబితే తల్లిదండ్రులు ఊరుకోకుండా ప్రధానోపాధ్యాయుని దగ్గరకు నలుగురు కలిసి వెళ్లాలి.

ఆపుకొనడం వలన వచ్చే చేటు

చాలా బడులలో ఈ కష్టానికి మూలం బిడ్డలో కాదు, దొడ్డిలో ఉన్నది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలలలోగా అన్ని బడులలో మరుగుదొడ్లు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఉండాలని ఆజ్ఞాపించింది. 2014, 2015 సంవత్సరాలలో స్వచ్ఛ విద్యాలయ పథకం కింద దేశమంతటా నాలుగు లక్షలకు పైగా కట్టించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు పథకంతో అనేక బడులకు నీళ్లు వచ్చే దొడ్లు వచ్చాయి. కట్టడం ఒక యెత్తు, రోజూ కడగడం, గడియ పడడం, చీకటి లేకుండడం వేరొక యెత్తు. ఆరేండ్ల బిడ్డ ఎత్తున నిలబడి చూస్తే గడియ అందని తలుపు తలుపే కాదు.

దొడ్డికి పోవడం ఇష్టం లేని బిడ్డ నీళ్లు త్రాగడం మానుతుంది. ముఖ్యంగా ఆడపిల్లలు. సీసా నిండుగా తీసుకొని పోయి నిండుగా తెస్తారు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, క్రిములు చేరుతాయి, మంట వలన అదుపు తప్పి చుక్కలు చుక్కలుగా పడుతుంది. 2019లో కేరళ బడులలో నీళ్లు త్రాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతి వచ్చింది, తరువాత మన రాష్ట్రాలలో కూడా ఆ గంట మోగింది. మంచిదే. నీళ్ల గంట కొట్టిన బడి దొడ్డి గంట కూడా కొట్టాలి.

(పక్కన ఒక మాట. మన ఆరాధనలు మూడు గంటలు సాగుతాయి. ఎన్ని మందిరాలకు పిల్లలు పోదగిన దొడ్డి ఉన్నది? సండే స్కూలు పిల్లలు మధ్యలో లేస్తే ఉరిమి చూచే పెద్దలు దీనిని గూర్చి ఆలోచించాలని మా మనవి.)

ఇప్పుడు ఎవరూ చెప్పుకొనని దానికి వస్తాము. కొందరు పిల్లలు లాగులో కొంచెం కొంచెంగా దొడ్డికి పోతుంటారు. ఆరేడేండ్లు వచ్చినా పోతుంటే తల్లి కొడుతుంది, "ఇంత కంపు నీకు తెలియదా" అని అడుగుతుంది. నిజంగానే ఆ బిడ్డకు తెలియదు. ఇది అందరూ తెలిసికోవాలి. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పెట్టిన బిడ్డ మరునాటి నుండి ఆపుకొంటుంది. ఉదయం ఏడు గంటలకే బడి ఆటో వస్తుంది, ఇంటిలో తీరిక లేదు, బడిలో ఇష్టం లేదు. లోపల మలం గట్టిపడి పేరుకొంటుంది. పేగు సాగిపోయి వచ్చినట్టు తెలిపే స్పర్శ మొద్దుబారుతుంది. పైనుండి పలుచగా వచ్చేది ఆ గట్టి ముద్ద పక్కల నుండి జారి లాగులో పడుతుంది. తల్లి అది విరేచనాలని భ్రమించి కట్టుబడే మందు వేస్తుంది, వ్యాధి ఇంకా ముదురుతుంది. ఆ ముద్ద మూత్రాశయాన్ని కూడా నొక్కుతుంది గనుక చాలాసార్లు పగలు, రాత్రి తడపడానికి కూడా కారణం మలబద్ధకమే.

మన ఇండ్లలో దీనికి సబ్బు ముక్క పెట్టడం, తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి పెట్టడం పాతకాలం నుండి ఉన్నది. అప్పటికి పని జరుగుతుంది, బిడ్డకు మాత్రం ఆ చోటంటే భయం పెరుగుతుంది. పిల్లల డాక్టరుకు చూపిస్తే మలాన్ని మెత్తబరిచే మందు ఇస్తారు. అది వారం రోజుల మందు కాదు. సాగిన పేగు దగ్గరపడడానికి నెలలు పడుతుంది, రెండు రోజులు బాగా అయిందని ఆపివేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మందుతోపాటు ఆకుకూర, పప్పు, జామకాయ, అరటిపండు, నీళ్లు. దుకాణంలోని చిప్సు పొట్లాలు తగ్గించాలి. తిన్న తరువాత పేగు కదులుతుంది గనుక ఉదయమో రాత్రియో భోజనం అయిన తరువాత పది నిమిషాలు, తొందర పెట్టకుండా, తిట్టకుండా కూర్చోబెట్టాలి. ఆటో కంటే పావుగంట ముందు లేపడం కొందరి ఇండ్లలో మందంత పని చేసింది.

ఆలస్యం చేయరానివి

అంతవరకు పొడిగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి పగలు రాత్రి తడపడం మొదలుపెడితే తిట్టేముందు చూడవలసినవి ఉన్నాయి. బిడ్డ చెంబులకు చెంబులు నీళ్లు త్రాగుతూ, తింటూనే చిక్కిపోతూ, మాటిమాటికి మూత్రానికి పోతుంటే అది చక్కెర వ్యాధి కావచ్చును. పసిపిల్లలకు కూడా వస్తుంది. మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయని కొందరు తల్లులే పసిగడతారు. ఆ దినమే రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. వాంతులు, ఆయాసం, మగత కనబడితే అర్ధరాత్రి అయినా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి, ప్రాణాపాయం ఉన్నది. జ్వరంతో మంట ఉంటే మూత్ర పరీక్ష. నడక మారినా, కాళ్లు బలహీనపడినా డాక్టరుకు చెప్పాలి. ఇవేవీ లేకపోతే ఇంటిలో కొత్త బిడ్డ పుట్టిందా, తల్లిదండ్రుల మధ్య కలహమా, బడిలో ఎవరైనా భయపెడుతున్నారా, ఎవరైనా తాకరాని చోట తాకుతున్నారా అని మెల్లగా కనుగొనాలి.

కొట్టడం వలన ఇది పోదు. బడిలో కొట్టడం, అవమానపరచడం రెండూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నేరుగా నిషిద్ధము. ఇంటిలో కొందరు ఇంకా వాతలు పెడుతున్నారు. గరిటె కాల్చి తొడ మీద పెట్టిన మచ్చ మేము కన్నులారా చూచాము. ఆ బిడ్డ పక్క తడపడం మానలేదు, తల్లి పక్కలో పడుకొనడం మానింది.

వసతి గృహంలో రాత్రులు

రెండు రాష్ట్రాలలోని గురుకులాలలో చాలా చోట్ల చేర్చుకొనేది 5వ తరగతిలో. అంటే తొమ్మిది పదేండ్ల వయస్సు. పదేండ్ల పిల్లలలో కూడా నూటికి సుమారు 5 మంది పక్క తడుపుతారు. ఎనభైమంది పడుకొనే హాలులో నలుగురు. ఆ నలుగురిలో ప్రతి ఒక్కరూ లోకంలో తామొక్కరే అనుకొంటారు. తెల్లవారుజామున దుప్పటి చుట్టి మంచం కింద తోసివేస్తారు, మధ్యాహ్నానికి వాసన పట్టిస్తుంది, సాయంకాలానికి ఒక పేరు పడుతుంది. ఆ పేరు పదవ తరగతి వరకు పోదు. సంక్రాంతి సెలవులకు వచ్చి తిరిగి పోనని మొండికేసే పిల్లలలో కొందరి కథ ఇదే. పరీక్ష రాసి తెచ్చుకొన్న సీటు, కూలి ఇండ్లలో మొదటి చదువు, ఒక తడిసిన దుప్పటి మూలంగా పోతుంది.

ఈ గురుకులాలలో, కస్తూర్బా విద్యాలయాలలో సాధారణంగా నర్సమ్మయో ఏ.ఎన్.ఎం.యో ఉంటారు. వారిలో మన సంఘాల ఆడబిడ్డలు చాలామంది ఉన్నారు. మాకు తెలిసిన ఒక నర్సమ్మ పద్ధతి ఇది. చేరిన మొదటి వారంలోనే తల్లిదండ్రులతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఈ సంగతి అడుగుతుంది. తన అలమారలో రబ్బరు షీట్లు, అదనపు దుప్పట్లు ఉంచుతుంది. ఆ పిల్లల మంచాలు స్నానాల గది తలుపు దగ్గర వేయిస్తుంది, కారణం "గాలి బాగా వస్తుంది" అని చెబుతుంది. రాత్రి భోజనం తరువాత నీళ్లు తగ్గించి, పగలు ఎక్కువ త్రాగిస్తుంది. పడుకొనేముందు ఒకసారి పంపుతుంది. అందరి కంటే ముందు, నాలుగున్నరకు, తానే వచ్చి భుజం తట్టి లేపుతుంది. తడిసినవి అప్పుడే బకెట్టులో పడతాయి, గంట కొట్టే వేళకు ఆ పిల్లలు స్నానం చేసి తల దువ్వుకొని ఉంటారు.

ఇది వంశంలో కూడా వస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికి చిన్ననాడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 40 పైన, ఇద్దరికీ ఉంటే 70 పైన. కనుక కొట్టడానికి చేయి ఎత్తిన తండ్రి ముందు తన తల్లిని అడిగి రావడం మంచిది. వైద్యం లేకపోయినా ఏటా నూటికి 15 మందికి దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గనివారికి తడి తగలగానే మోగే అలారం ఉన్నది, మాత్రలు ఉన్నాయి. ఆ మాత్రలు వాడే రాత్రి నీళ్లు బాగా తగ్గించకపోతే అపాయం గనుక డాక్టరు చెప్పకుండా దుకాణంలో కొనరాదు.

సీటు వచ్చిన బిడ్డకు ఈ అలవాటు ఉన్నదని దాచి పంపకండి. చేర్చే రోజున క్యూలో నలుగురి ముందు వార్డెనుతో చెప్పవద్దు. నర్సమ్మ గది ఎక్కడో కనుగొని, బిడ్డను వెంటపెట్టుకొని వెళ్లి, ఒక రబ్బరు షీటు, రెండు ఎక్కువ దుప్పట్లు, మూడు జతల లోపలి బట్టలు ఆమె చేతికి ఇచ్చి చెప్పండి. ఆమె ముఖం బిడ్డ చూడాలి. ఇప్పటికే సెలవులకు వచ్చి పోనంటున్న బిడ్డ ఉంటే, టి.సి. కోసం బయలుదేరేముందు ఒకసారి ఆ గదికి ఫోను చేయండి.